ఉద్యోగమా, భృతా? ఆ ‘లేదా’ దగ్గరే ఆగిపోయిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం యువత

‘20 లక్షల ఉద్యోగాలు లేదా నెలకు రూ.3 వేల నిరుద్యోగ భృతి.’ 2024 ఎన్నికల్లో కూటమి ఇచ్చిన సూపర్ సిక్స్ హామీల్లో యువత గుర్తుపెట్టుకున్న లైన్ ఇది. 2025 ముగిసే నాటికి నెలకు రూ.3 వేలు ఇంకా మొదలు కాలేదు. ఉద్యోగాలు తెస్తున్నాం కదా, భృతి గురించి తొందరెందుకు అన్నట్టుగా అధికార పక్షం మాట్లాడుతోంది. హామీ ఎగ్గొట్టారంటూ వైసీపీ 2025 మార్చి 12న ‘యువత పోరు’ పేరుతో జిల్లా కేంద్రాల్లో ధర్నాలు చేసింది. ఇద్దరి వాదనా ఆ ‘లేదా’ అనే ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది.

మరి నిజంగా ఉద్యోగం పోయినవాడి పరిస్థితేంటి? పని నేర్చుకుంటానని ముందుకొచ్చేవాడికి ప్రభుత్వం దగ్గర ఏముంది? చిత్తూరు పడమటి ప్రాంతంలోని మూడు పట్టణాలను ముందు పెట్టుకుని చూద్దాం. కొత్త జిల్లా పేరుతో వార్తల్లోకెక్కిన మదనపల్లె ఒకటి. మాజీ మంత్రి పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి నియోజకవర్గం పుంగనూరు రెండోది. 1989 నుంచి చంద్రబాబును గెలిపిస్తున్న కుప్పం మూడోది. పాలించేవాళ్లు, ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు ఇద్దరికీ కంచుకోటలున్న ప్రాంతం ఇది. పొద్దున్నే బెంగళూరు బస్సు, రైలు ఎక్కే విషయంలో మాత్రం ఏ పార్టీ ఊరికీ తేడా లేదు.

ముందు భృతి సంగతి

నిరుద్యోగ భృతి ఏపీకి కొత్త కాదు. 2014 ఎన్నికల్లోనే టీడీపీ దీన్ని హామీగా ఇచ్చింది. అమలుకు నాలుగేళ్లు పట్టింది. 2018 అక్టోబర్ 2న ‘ముఖ్యమంత్రి యువనేస్తం’ పేరుతో మొదలైంది. 22 నుంచి 35 ఏళ్ల మధ్య వయసు, డిగ్రీ లేదా డిప్లొమా, తెల్ల రేషన్ కార్డు ఉంటే నెలకు రూ.వెయ్యి. 2019 ఎన్నికల ముందు దాన్ని రూ.2 వేలకు పెంచారు. తర్వాత ప్రభుత్వం మారింది, పథకం పోయింది. నేనప్పుడు డిగ్రీలో ఉన్నా. వెయ్యి పడిందని మెసేజ్ చూపించి మురిసిపోయిన సీనియర్లే, ఆరు నెలలు తిరక్కుండా ఆ నంబర్ నుంచి మెసేజ్‌లు ఆగిపోయాయని చెప్పడం గుర్తుంది.

వైసీపీ ప్రభుత్వం భృతి మాట ఎత్తలేదు. దాని బదులు 2019 ఆగస్టు 15 నుంచి వాలంటీర్ వ్యవస్థ తెచ్చింది. రెండున్నర లక్షల మందికి పైగా యువతకు నెలకు రూ.5 వేల గౌరవ వేతనం. పేరుకి అది సేవే గానీ, ఇంట్లో ఉన్న డిగ్రీ పిల్లలకు అదే భృతి అయింది. 2024 తర్వాత అది కూడా ఆగిపోయింది. ఎన్నికల ముందు రూ.10 వేలకు పెంచుతామన్న కూటమి మాట అలాగే ఉండిపోయింది.

తెలంగాణలోనూ ఇదే కథ. 2018లో టీఆర్ఎస్ నెలకు రూ.3,016 ఇస్తామంది, ఇవ్వలేదు. 2023 మేలో కాంగ్రెస్ యూత్ డిక్లరేషన్‌లో రూ.4 వేలు అంది, అదీ రాలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి చూస్తే, ఏ ప్రభుత్వం మారినా ఆగకుండా నడిచిన భృతి పథకం ఒక్కటి కూడా లేదు.

ఎందుకలా అంటే లెక్క సింపుల్. 20 లక్షల మందికి నెలకు రూ.3 వేల చొప్పున ఇస్తే ఏడాదికి రూ.7,200 కోట్లు. 2025-26 రాష్ట్ర బడ్జెట్‌లో నైపుణ్యాభివృద్ధి, శిక్షణ శాఖ మొత్తానికి కేటాయించింది రూ.1,228 కోట్లు. అంటే భృతి బిల్లు, ఆ శాఖ మొత్తం బడ్జెట్‌కి దాదాపు ఆరు రెట్లు. బడ్జెట్ మొత్తం రూ.3.22 లక్షల కోట్లు అయినా, పింఛన్లు, తల్లికి వందనం లాంటివి పోగా ఈ రూ.7 వేల కోట్లు తేలిగ్గా దొరికేవి కావు. భృతి ఇవ్వకపోవడానికి ఇంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు. ఈ లెక్క హామీ ఇచ్చిన రోజు కూడా ఇంతే. అప్పుడు వేసి ఉండాల్సింది.

ఒకే ఊరు, మూడు రాష్ట్రాల నిరుద్యోగులు

కుప్పం దగ్గర ఒక విచిత్రం ఉంది. ఆ ఊరికి ఒకపక్క కర్ణాటక, ఇంకోపక్క తమిళనాడు. అటు ఇటు కొన్ని కిలోమీటర్లు దాటితే చాలు, ‘నిరుద్యోగి’ అనే మాటకి అర్థమే మారిపోతుంది.

కర్ణాటకలో ‘యువనిధి’ ఉంది. డిగ్రీ పాసై ఆరు నెలలు దాటినా ఉద్యోగం రాకపోతే నెలకు రూ.3 వేలు, డిప్లొమా అయితే రూ.1,500. గరిష్ఠంగా రెండేళ్లు. 2024 జనవరి 12న శివమొగ్గలో మొదలుపెట్టారు. తమిళనాడుది ఇంకా పాత పద్ధతి. ఉపాధి కల్పనా కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని ఐదేళ్లు ఎదురుచూస్తే టెన్త్ ఫెయిల్ అయినవాళ్లకు నెలకు రూ.200, పాసైతే రూ.300, ఇంటర్‌కి రూ.400, డిగ్రీకి రూ.600, అదీ మూడేళ్ల పాటు. కుప్పం మండలంలో ఉంటే? సున్నా.

కుప్పం, పుంగనూరు పిల్లలు పనిచేసేది ఎక్కువగా సరిహద్దుకు అవతలే. కోలార్ దగ్గర నర్సాపుర, వేమగల్ పారిశ్రామికవాడలు, తమిళనాడులో హోసూరు, ఇవి కాకపోతే బెంగళూరు. అక్కడే అద్దెకుంటారు, అక్కడే జీఎస్టీ కడతారు. ఉద్యోగం పోయిన రోజు మాత్రం వాళ్లు కర్ణాటక వాళ్లు కాదు, తమిళనాడు వాళ్లూ కాదు. ఆంధ్రా నిరుద్యోగులైపోతారు. ఆంధ్రాలో భృతి లేదు. రాష్ట్రాల వారీ భృతి పథకాలన్నిటిలో ఉన్న అసలు లోపం ఇదే. వలసపోయే వాడిని ఏ రాష్ట్రమూ లెక్కలోకి తీసుకోదు.

ఇంకో లోపం కూడా ఉంది. ఈ పథకాల్లో ఎక్కువ భాగం ఉద్యోగం ‘రానివాళ్ల’ కోసం. ఉద్యోగం ‘పోయినవాళ్ల’ కోసం కాదు. డిగ్రీ సర్టిఫికెట్ పట్టుకుని ఇంట్లో కూర్చున్న కుర్రాడు నిరుద్యోగి. మూడేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి కాంట్రాక్ట్ అయిపోయి ఊరొచ్చిన ఇంటర్ కుర్రాడు ఏ ఫామ్‌లోనూ ఇమడడు.

జీతం స్లిప్‌లో ఉన్న బీమా

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. ఉద్యోగం పోతే డబ్బులిచ్చే బీమా మన దగ్గర ఇప్పటికే ఉంది. దానికి నెలనెలా డబ్బు కూడా కట్ అవుతోంది. అదే ఈఎస్ఐ.

నా మొదటి జీతం స్లిప్‌లో ఆ మూడక్షరాలు చూసి, హాస్పిటల్ కోసమేమో అనుకుని వదిలేశా. జర్నలిజం చదివి, రోజూ వార్తలు రాసేవాడినే ఇలా ఉంటే గార్మెంట్ ఫ్యాక్టరీలో మెషిన్ ముందు కూర్చునే అమ్మాయి సంగతి చెప్పాలా?

నెలకు రూ.21 వేల లోపు జీతం ఉండి, పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతంలో ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. రూ.14 వేల జీతమైతే మీ నుంచి రూ.105, యజమాని నుంచి రూ.455. ఇందులో వైద్యంతో పాటు ‘అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన’ అనే స్కీమ్ ఉంది. 2018 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట్లో సగటు రోజు సంపాదనలో 25 శాతమే ఇచ్చేవారు. కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 24 నుంచి దాన్ని 50 శాతం చేశారు. ఆ పెంపును అప్పట్నుంచి పొడిగిస్తూ వస్తున్నారు. 90 రోజుల వరకు ఇస్తారు. జీవితంలో ఒక్కసారే.

రూ.14 వేల జీతగాడికి ఎంతొస్తుందో చూడండి. రోజుకు సుమారు రూ.467. అందులో సగం రూ.233. తొంభై రోజులకు సుమారు రూ.21 వేలు. అంటే నెలకు రూ.7 వేలు. ఎన్నికల్లో హామీ ఇచ్చిన భృతికి రెట్టింపు కంటే ఎక్కువ. రాష్ట్ర ఖజానా నుంచి పైసా అక్కర్లేదు. కర్ణాటకలో కట్ అయినా, తమిళనాడులో కట్ అయినా నంబర్ ఒక్కటే, స్కీమ్ కేంద్రానిది కాబట్టి సరిహద్దు గొడవే లేదు. కుప్పం కుర్రాడికి ఇంతకంటే సరిగ్గా సరిపోయే పథకం ఇంకోటి లేదనే చెప్పాలి.

మరి ఎందుకు అందట్లేదు? షరతులు చూస్తే అర్థమవుతుంది. ఉద్యోగం పోవడానికి ముందు కనీసం రెండేళ్లు బీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి. చివరి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు, అంతకు ముందున్న మూడింటిలో ఏదో ఒకదానిలో ఇంకో 78 రోజులు చందా పడి ఉండాలి. పాత రూల్ ఇంతకంటే కఠినంగా ఉండేది, కోవిడ్ టైమ్‌లో సడలించారు. అయినా కాంట్రాక్టర్ మారిన ప్రతిసారీ కొత్త నంబర్ తీసుకున్నవాళ్లకు, ఆధార్ లింక్ కానివాళ్లకు ఆ రెండేళ్లు కాగితం మీద కలవవు. మనిషి రెండేళ్లు పనిచేశాడు, రికార్డులో మాత్రం ఇద్దరు మనుషులు ఒక్కో ఏడాది పనిచేశారు.

ఇంకో చిక్కు రాజీనామా. సొంతంగా మానేసినవాళ్లకు, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవాళ్లకు, తప్పు చేశారని తీసేసినవాళ్లకు ఈ డబ్బు రాదు. పని లేదు, వెళ్లిపో అనే ముందు ‘నేనే మానేస్తున్నా’ అని రాసిమ్మని అడిగే సూపర్‌వైజర్లు ఉంటారు. చివరి జీతం, పీఎఫ్ త్వరగా వస్తాయని సంతకం పెట్టేస్తారు. ఆ ఒక్క సంతకంతో రూ.21 వేలు పోయినట్టే.

ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా దీనికంటే పెద్ద సాయం ఉంది. 2005 ఏప్రిల్ 1 నుంచి ఉన్న ‘రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన’ కింద మొదటి ఏడాది జీతంలో సగం, రెండో ఏడాది పావు వంతు ఇస్తారు. అయితే మూసివేత, రిట్రెంచ్‌మెంట్ అని నిరూపించాలి. కాంట్రాక్ట్ లేబర్‌కి ఆ కాగితం ఎవరిస్తారు?

అమెరికాలో ఎలా?

డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మనవాళ్లను అడిగితే ‘అన్ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్’ అనే మాట చెబుతారు. అక్కడ ఇది రాష్ట్రాల వారీగా నడుస్తుంది. 1932లో విస్కాన్సిన్ మొదట చట్టం చేసింది, 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టంతో దేశమంతా వచ్చింది. దీనికి డబ్బు దాదాపు అన్ని రాష్ట్రాల్లో యజమాని పన్ను నుంచే వస్తుంది. చాలా రాష్ట్రాల్లో 26 వారాల దాకా ఇస్తారు.

మనం గమనించాల్సింది ఒకటుంది. అక్కడ ఎక్కువ మందిని తీసేసే కంపెనీకి పన్ను రేటు పెరుగుతుంది. తీసేయడానికి ఒక ఖరీదు ఉంటుంది. మన ఈఎస్ఐలో ఏడాదంతా ఒక్కరినీ తీసేయని కంపెనీ, ఆరు నెలలకోసారి బ్యాచ్ మొత్తాన్ని మార్చే కంపెనీ రెండూ అదే 3.25 శాతం కడతాయి. అమెరికా పద్ధతిలో లోపాలు లేవని కాదు. సొంతంగా పనిచేసుకునేవాళ్లు, యాప్ డ్రైవర్లు అక్కడా చాలావరకు బయటే ఉంటారు. కానీ భృతి, బీమా ఒకటి కాదనే తేడా వాళ్ల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది.

కొత్త కోడ్‌లతో ఏం మారింది?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. టీవీ డిబేట్లలో ఎక్కువగా 300 మంది లిమిట్ గురించే మాట్లాడారు. అంటే 300 మంది కంటే తక్కువ ఉన్న ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. దాని వెనుకే ఇంకో సెక్షన్ ఉంది. దాని పేరు రీస్కిల్లింగ్ ఫండ్. ఉద్యోగిని రిట్రెంచ్ చేస్తే యజమాని అతని 15 రోజుల జీతానికి సమానమైన డబ్బును ఈ ఫండ్‌లో జమ చేయాలి. 45 రోజుల్లోపు అది ఆ ఉద్యోగి ఖాతాలో పడాలి. కొత్త పని నేర్చుకోవడానికి అని చట్టంలో ఉంది.

రూ.14 వేల జీతానికి 15 రోజులంటే సుమారు రూ.7 వేలు. ఆ డబ్బుతో ఏం నేర్చుకోవచ్చు, ఎన్నాళ్లు ఇల్లు నడుస్తుంది అనేది పక్కన పెడదాం. ఇది రిట్రెంచ్ అయినవాళ్లకే. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగి గడువు ముగిసి బయటికొస్తే అది రిట్రెంచ్‌మెంట్ కిందకు రాదు. అదే కోడ్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగాలకు తలుపు బార్లా తెరిచారు. ఏడాది చేసినా గ్రాట్యుటీ వస్తుంది, అది మంచిదే. కానీ ఇకపై కొత్త ఉద్యోగాలు ఎక్కువగా ఆ దారిలోనే వస్తే రీస్కిల్లింగ్ ఫండ్‌కి అర్హులెంతమంది మిగులుతారు?

మరి ట్రైనింగ్?

ఏపీలో ‘స్కిల్’ అనే మాట వినగానే చాలామందికి గుర్తొచ్చేది శిక్షణ కాదు, కేసు. నైపుణ్యాభివృద్ధి సంస్థ ప్రాజెక్టులో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలతో 2023 సెప్టెంబర్ 9న నంద్యాలలో చంద్రబాబును సీఐడీ అరెస్టు చేసింది. ఆరోపణలను ఆయన, టీడీపీ మొదటి నుంచీ ఖండించారు. నవంబర్‌లో హైకోర్టు రెగ్యులర్ బెయిల్ ఇచ్చింది. నెలల తరబడి చర్చంతా సంతకం ఎవరిది, నోట్ ఫైల్ ఎవరిది అనే నడిచింది. అక్కడ నేర్చుకున్న పిల్లలకు ఏ ఉద్యోగం వచ్చింది, ఎంత జీతం వచ్చింది అని అటువాళ్లూ అడగలేదు, ఇటువాళ్లూ అడగలేదు. మా డెస్క్ కూడా అడగలేదు, నిజం చెప్పాలంటే.

2024 జూన్ 13న బాధ్యతలు తీసుకున్న చంద్రబాబు పెట్టిన తొలి ఐదు సంతకాల్లో నైపుణ్య గణన ఒకటి. మంగళగిరి నియోజకవర్గం, తుళ్లూరు మండలంలో పైలట్‌గా చేశారు. ఎవరికి ఏ పని వచ్చో తెలుసుకోవడం మంచి ఆలోచనే. అయితే పుంగనూరులో ఇంటి తలుపు తట్టి అడిగితే ఆ ఇంటి కొడుకు నర్సాపురలో ఉంటాడు. గణన చేసేవాళ్లకు ఇంట్లో కనిపించేది అమ్మానాన్నలే.

కేంద్రం పథకాల పరిస్థితి ఇంకా ఇబ్బందికరంగా ఉంది. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ రిపోర్ట్ ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మీద. 2015 నుంచి 2022 వరకు లెక్కలు తీస్తే, పరిశీలించిన రికార్డుల్లో 94 శాతానికి పైగా అభ్యర్థుల బ్యాంకు ఖాతా కాలమ్ ఖాళీగా ఉందట, లేదా సున్నాలు నింపి ఉందట. స్వల్పకాలిక శిక్షణలో సర్టిఫికెట్ వచ్చినవాళ్లలో ప్లేస్‌మెంట్ దొరికింది 41 శాతానికి. బ్యాంకు ఖాతా లేకుండా శిక్షణ పూర్తి చేసిన ఇన్ని లక్షల మంది ఎవరు అనేది వేరే కథ. మనకు కావాల్సింది రెండో నంబర్. పదిమంది నేర్చుకుంటే ఆరుగురు మళ్లీ అదే ఇంటి అరుగు మీద.

అన్నీ ఒకేలా లేవు. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో హాస్టల్ ఉచితం, కనీసం 70 శాతం ప్లేస్‌మెంట్ చూపించాలనే రూల్ ఉంది. ఉద్యోగంలో చేరాక కూడా, సొంత జిల్లాలో అయితే రెండు నెలలు, రాష్ట్రం దాటితే ఆరు నెలల వరకు నెలకు రూ.వెయ్యి సాయం ఇస్తారు. ఆ వెయ్యి వెనుక ఉన్న ఆలోచన నాకు నచ్చింది. కొత్త ఊర్లో మొదటి జీతం వచ్చేదాకా మనిషి ఎలా బతుకుతాడని ఆలోచించిన ఏకైక రూల్ అది.

క్లాస్‌లో కూర్చునే మూడు నెలలు

అసలు సమస్య అక్కడే ఉంది. పుంగనూరులో ఒక ఇల్లు ఊహించుకోండి. అబ్బాయి ఇంటర్ ఫెయిల్. రోజు కూలికి వెళ్తాడు. సీఎన్‌సీ మెషిన్ మీద మూడు నెలల ట్రైనింగ్ ఉచితంగా ఇస్తామంటే వాళ్ల అమ్మ అడిగే మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు. ‘మూడు నెలలు ఇల్లెట్ల గడుస్తాది?’ అని. ఏపీలో 2025-26కి ఉపాధి హామీ రోజు కూలి రూ.307. ఆ లెక్కనే నెలకు 25 రోజులు వేసుకున్నా మూడు నెలలకు రూ.23 వేలు. ఉచిత శిక్షణకు ఆ ఇల్లు కట్టే అసలు ఫీజు అది.

అందుకే ట్రైనింగ్ సెంటర్లలో చేరేది ఎవరంటే, ఇంట్లో ఇంకో సంపాదన ఉన్నవాళ్లు. మదనపల్లెలో ఇది బాగా అర్థమవుతుంది. 1915 నుంచి బీటీ కాలేజీ ఉన్న ఊరు. చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు. అదే ఊర్లో ఆసియాలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. రేటు బాగుండి, సరుకు దండిగా వస్తే హమాలీలకు, గ్రేడింగ్ చేసే ఆడవాళ్లకు చేతినిండా పని. సీజన్ పోతే లేదు. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల మగ్గాలు. ముడిపట్టు రేటు పెరిగితే మగ్గం ఆగుతుంది. బీటెక్ అయి ఖాళీగా ఉన్న కుర్రాడిని నిరుద్యోగి అంటాం. సీజన్ లేని హమాలీని, ఆగిన మగ్గం ముందు కూర్చున్న నేతగాడిని ఏమనాలో ఏ పథకానికీ తెలియదు. భృతికి వీళ్లకు డిగ్రీ లేదు. ఈఎస్ఐకి వీళ్లకు జీతం స్లిప్ లేదు. ట్రైనింగ్‌కి వీళ్లకు తీరిక లేదు.

పల్లెల్లో వీళ్లకు మిగిలింది ఉపాధి హామీ. పాత చట్టంలో ఒక మంచి సెక్షన్ ఉండేది. పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులు కూలిలో పావు వంతు, తర్వాత సగం. ఆ ఖర్చు రాష్ట్రానిదే. అందుకే పని అడిగినట్టు తేదీ వేసిన రసీదు చేతికి రావడం గగనమైపోయింది. 2025 డిసెంబర్‌లో ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది. వంద రోజులు 125 అయ్యాయి, ఖర్చులో రాష్ట్రం వాటా 40 శాతానికి చేరింది. అప్పుల్లో ఉన్న రాష్ట్రం పని చూపించడానికే తన వాటా వెతుక్కోవాలి. పని చూపించలేదని భృతి ఇస్తుందా?

ఇలా చేస్తే ఎంతవుతుంది?

రాజస్థాన్ ఒక ప్రయోగం చేసింది. అక్కడ భృతి తీసుకునేవాళ్లు రోజుకు నాలుగు గంటలు ప్రభుత్వ ఆఫీసుల్లో ఇంటర్న్‌షిప్ చేయాలని 2022 నుంచి రూల్ పెట్టింది. మగవాళ్లకు నెలకు రూ.4 వేలు, ఆడవాళ్లకు రూ.4,500. ఆఫీసులో ఫైళ్లు మోస్తే ఏం నేర్చుకుంటారనే విమర్శ ఉంది, అది నిజమే. కానీ భృతిని, నేర్చుకోవడాన్ని ఒకే తాడుకి కట్టారు.

ఏపీలో ‘లేదా’ తీసేసి, ట్రైనింగ్‌లో కూర్చున్నవాళ్లకు మాత్రమే, కూర్చున్నన్నాళ్లు మాత్రమే ఆ రూ.3 వేలు ఇస్తే? ఏడాదికి 3 లక్షల మంది, ఒక్కొక్కరికి నాలుగు నెలలు అనుకుందాం. రూ.360 కోట్లు. రూ.7,200 కోట్లలో ఇది ఇరవయ్యో వంతు. హామీ పూర్తిగా నెరవేరినట్టు కాదు, అందరికీ ఇస్తామన్నారు కదా అని అడిగే హక్కు యువతకు ఉంటుంది. అయినా పుంగనూరు ఇంట్లో అమ్మ అడిగే ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. హాజరు ఆధార్‌తో పడుతుంది కాబట్టి సున్నాల బ్యాంకు ఖాతాలకు చోటుండదు. ట్రైనింగ్ సంస్థకు డబ్బు మాత్రం అభ్యర్థి ఉద్యోగంలో ఆరు నెలలు నిలిచాకే మొత్తం ఇవ్వాలి. అలా చేస్తే సెంటర్లు తగ్గుతాయని భయపెడతారు. తగ్గనివ్వండి.

భృతి ఇస్తే సోమరులైపోతారనే వాదన కూడా వింటుంటాం. నెలకు రూ.3 వేలతో మదనపల్లెలో ఒక గది అద్దె కట్టి సోమరిగా ఎలా ఉండొచ్చో చెప్పేవాళ్లు దొరకలేదు ఇంకా.

పెట్టుబడులు వస్తున్నాయి కదా?

వస్తున్నాయి. కుప్పంలో హిందాల్కో రూ.586 కోట్లతో ప్లాంట్ పెట్టడానికి ఆమోదం వచ్చింది. ఐఫోన్ బాడీలకు కావాల్సిన అల్యూమినియం తయారుచేస్తారు, 613 మందికి ఉద్యోగాలంటున్నారు. 2025 నవంబర్‌లో విశాఖ సదస్సులో రూ.13 లక్షల కోట్లకు పైగా ఒప్పందాలు అన్నారు. కేంద్రం 2025 ఆగస్టు 1 నుంచి తెచ్చిన వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజనలో మొదటిసారి ఉద్యోగంలో చేరినవాళ్లకు రెండు విడతల్లో రూ.15 వేల వరకు, యజమానికి ఒక్కో ఉద్యోగికి నెలకు రూ.3 వేల వరకు ఇస్తున్నారు. కంపెనీకి ఇచ్చే ఆ రూ.3 వేలు, నిరుద్యోగికి ఇస్తామన్న రూ.3 వేలు సరిగ్గా ఒకే మొత్తం కావడం యాదృచ్ఛికమే అయినా, ఒకటి నడుస్తోంది, ఇంకోటి నడవట్లేదు.

హిందాల్కో లాంటి చోట 613 ఉద్యోగాల్లో కుప్పం పిల్లలకు ఎన్ని దొరుకుతాయనేది ప్లాంట్ ప్రారంభోత్సవం రోజు తేలేది కాదు. ఏడాది ముందు ఎంతమందిని ఆ మెషిన్ల మీద కూర్చోబెట్టారు, ఆ ఏడాది వాళ్ల ఇల్లు ఎవరు నడిపారు అనేదాన్ని బట్టి తేలుతుంది. కుప్పంలో ద్రవిడ విశ్వవిద్యాలయం ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, 2025 ఆగస్టు 30న కృష్ణా నీళ్లు కూడా వచ్చాయి. తెల్లారితే బెంగళూరు రైలు మాత్రం ఖాళీగా వెళ్లట్లేదు.

సంక్రాంతికి ఆ రైళ్లన్నీ వెనక్కి వస్తాయి. ఈఎస్ఐ కట్ అవుతున్న వాళ్లు ఆ సెలవుల్లో ఒక అరగంట ఆధార్ లింక్ అయిందో లేదో, పాత నంబర్, కొత్త నంబర్ ఒకటే ఉన్నాయో లేదో చూసుకోవడం మంచిది. పని పోతే 30 రోజుల తర్వాత క్లెయిమ్ ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు, యజమాని చుట్టూ తిరగక్కర్లేదు. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టే ముందు మాత్రం ఒకటికి రెండుసార్లు చదవండి. ఇక రాష్ట్ర బడ్జెట్ ఏటా వస్తుంది. అందులో వెతకాల్సింది నిరుద్యోగ భృతి అనే హెడ్డింగ్ కాదు. నైపుణ్యాభివృద్ధి పద్దు కింద, శిక్షణలో ఉన్నవాళ్లకు స్టైపెండ్ అని ఒక లైన్, దాని పక్కన ఒక అంకె.